నాలుగు పాదాల వైద్యం

నెలన్నరగా ఇక్కడ ఏమీ రాయలేదు. యతిభేదాల మీద మొదలుపెట్టిన చర్చను సగంలో వదిలిపెట్టినందుకు క్షంతవ్యుణ్ణి. కారణం మా అక్క కాలు. ఆ సంగతే ఈ టపా. ఛందస్సు కోసం వచ్చినవారికి ఈసారి నిరాశ తప్పదు. పాదాల గురించే రాస్తున్నాను కానీ ఇవి పద్యపాదాలు కావు.

మా అక్కకు డెబ్బై రెండేండ్లు. కడప, కర్నూలు జిల్లాల పొలిమేరలోని మా స్వగ్రామంలోనే ఉంటుంది (2022 తరువాత లెక్కలో కడప, నంద్యాల జిల్లాల పొలిమేర అనాలి. మాకింకా నోరు తిరగలేదు). పదకొండేండ్లుగా చక్కెర జబ్బు. ఊళ్ళో ప్రభుత్వ క్లినిక్కు ఆమె ఇంటికి నాలుగిండ్ల అవతలే. మాత్రలు అక్కడే ఇస్తారు, వేలికి సూది గుచ్చి చక్కెర చూస్తారు, రక్తపోటు చూస్తారు. వేటికీ డబ్బు లేదు. మా చిన్ననాటి ఊరితో పోలిస్తే ఇదంతా స్వర్గమే. మా నాయన జ్వరంతో పడినప్పుడు ఎద్దుల బండి కట్టి తొమ్మిది మైళ్ళు తోలుకుపోయిన రోజులు నాకు తెలుసు.

ఇంత ఉండి కూడా మొన్నటి ఎండలలో ఆమె చెప్పుల్లేకుండా కల్లం దాకా పోయివచ్చింది. కంపముల్లు కుడికాలి బొటనవేలి కింద దిగింది. ఆమెకు తెలియలేదు! ముల్లు దిగినా తెలియలేదంటే కాలికి స్పర్శ పోయిందని అర్థం. అది ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. నాలుగు రోజులకు వాసన వస్తే పసుపు పెట్టింది. ఇంకో వారానికి పాదం నల్లబడింది. నాకు ఫోను చేసి, "ఏం లేదులేరా, రవ్వంత వాచింది" అన్నది. నేను పోయి చూసేసరికి రెండు వేళ్ళు మన చేతిలో లేవు. కర్నూలులో ఒక ఆసుపత్రిలో వాటిని తీసేసి కాలిని దక్కించారు. ఆరోగ్యశ్రీ కింద అయింది, మాకు రూపాయి ఖర్చు కాలేదు. ఆ ఉపకారాన్ని మరిచి మాట్లాడేవాణ్ణి కాను.

కట్టు కట్టేటప్పుడు అక్కడి నర్సు ఒకామె, "ఊళ్ళో కాళ్ళెవరు చూస్తారమ్మా మీకు?" అని అడిగింది. మా అక్క నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

ఊరికి వచ్చిన తరువాత మా ఆశా కార్యకర్తను మెల్లగా అడిగాను. నిందించడానికి కాదు. ఆమె నా దగ్గర ఎనిమిదో తరగతి చదువుకున్న పిల్ల. "కాలు చూడమని మాకెవరు చెప్పినారు అయ్యోరూ? బీపీ చూపిచ్చమంటే తోలకపోతాము, చక్కెర చూపిచ్చమంటే తోలకపోతాము. ఎవురెవురికి ఎంతుందో రాసిస్తాము" అన్నది. నిజమే. పదకొండేండ్లలో మా అక్క రక్తాన్ని ఎన్నోసార్లు చూశారు. పాదాన్ని ఒక్కరూ చూడలేదు. మధుమేహంలో పాదానికి స్పర్శ ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదట. సన్నని నైలాను పోగుతో అరికాలిలో అక్కడక్కడా తాకి, తెలుస్తున్నదా అని అడగడమే. దానికి డాక్టరు కూడా అవసరం లేదు. నేర్పిస్తే ఎవరైనా చేయగలరు. ఎవరో ఒకరి పని కావాలి, అంతే.

చరకసంహిత సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పారు. వైద్యుడు, ద్రవ్యం, ఉపస్థాత, రోగి. ద్రవ్యమంటే మందు. ఉపస్థాత అంటే రోగి దగ్గర నిలిచి ఉపచారం చేసేవాడు. అతనికి ఉపచారం తెలిసి ఉండాలట, నేర్పు ఉండాలట, అనురాగం ఉండాలట, శుచి ఉండాలట. ఆ కాలపు వైద్యమంతా నేటికి పనికివస్తుందని వాదించే మూర్ఖత్వం నాకు లేదు. కానీ ఉపస్థాతను వైద్యుడి బంటుగా కాక, చికిత్సలో నాలుగో వంతుగా లెక్కించిన ఆ చూపు మాత్రం నాకు గొప్పగా కనిపిస్తుంది. మన ప్రభుత్వాలు, ఏ రంగు జెండావైనా సరే, మొదటి రెండు పాదాల గురించే మాట్లాడుతాయి. ఇన్ని డాక్టరు పోస్టులు నింపాము, ఇన్ని రకాల మందులు ఇస్తున్నాము అని. మూడవ పాదం లెక్క ఎవరూ చెప్పరు, మనమూ అడగము.

అడిగినవారు లేకపోలేదు. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1946లోనే నివేదిక ఇచ్చింది. నలభై వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది దాని తొలి దశ ప్రతిపాదన. అందులో డాక్టర్లు ఇద్దరే. ప్రజారోగ్య నర్సులు నలుగురు, మంత్రసానులు నలుగురు, తర్ఫీదు పొందిన దాయీలు నలుగురు, శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, ఆరోగ్య సహాయకులు, మందులిచ్చేవాడు, వీరందరూ కలిసి ఒక జట్టు. స్వాతంత్ర్యం రాకముందే, నిరుపేద దేశంలో కూర్చుని, డాక్టరు చుట్టూ ఎందరు ఉండాలో లెక్క వేశారు. ఆ తరువాత కేంద్రాలు వచ్చాయి, భవనాలు వచ్చాయి. మైదాన ప్రాంతంలో ముప్పై వేలకొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఐదు వేలకొక ఉపకేంద్రం అనే కొలత స్థిరపడింది. జట్టు మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క కాలంలో, ఒక్కొక్క పథకం, ఒక్కొక్క సంచిలోనుంచి డబ్బు తీసి తెచ్చింది.

ఈ సంచుల సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. అసలు రోగం ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

మా ఊరి క్లినిక్కులో చూడండి. డాక్టరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంనుంచి వస్తాడు, రాష్ట్ర ప్రభుత్వోద్యోగి. క్లినిక్కులో కూర్చునే అమ్మాయి బి.ఎస్సీ. నర్సింగు చదివింది. జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఒప్పందం మీద చేరింది. ఆ మిషన్ ఖర్చులో కేంద్రం 60 వంతులు, రాష్ట్రం 40 వంతులు. ఏ.ఎన్.ఎం. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు వచ్చిన నియామకం. ఆశా కార్యకర్త 2005లో వచ్చిన గ్రామీణ ఆరోగ్య మిషన్ సృష్టి. పేరుకు స్వచ్ఛంద సేవకురాలు, చేసేది పూర్తి కాలపు పని, ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2019లో దాన్ని మన రాష్ట్రంలో పదివేలు చేశారు. డాక్టరు ఎక్కి వచ్చే 104 వాహనం, దాని డ్రైవరు, ఒక కాంట్రాక్టు సంస్థ కింద. ఐదుగురు మనుషులు, నాలుగు సంచులు. ఎవరి సెలవు ఎవరు మంజూరు చేస్తారో, ఎవరి రిజిస్టరు ఎవరు చూస్తారో వారికే తికమక.

పదాలను పక్కపక్కన పెట్టినంత మాత్రాన సమాసం కాదని పిల్లలకు ముప్పై మూడేండ్లు చెప్పాను. అర్థాల మధ్య సంబంధం ఉండాలి. అది లేనప్పుడు అవి వట్టి పదాలే. ఈ ఐదుగురూ అంతే. ఒక్కొక్కరిని విడివిడిగా చూస్తే మంచివాళ్ళు, కష్టపడేవాళ్ళు. అందరూ కలిసి ఒక్కసారి కూర్చుని, "ఈ ఇంటి ముసలమ్మ సంగతేమిటి?" అని మాట్లాడుకునే గడియ లేదు. అటువంటి గడియకు డబ్బు ఇచ్చే సంచి కూడా లేదు.

ఉపాధ్యాయుణ్ణి గనుక నాకు బడి ఉదాహరణే దొరుకుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆదోని వైపు ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో మూడేండ్లు పనిచేశాను. ఐదు తరగతులు, నేనొక్కణ్ణి. తరువాత ఉన్నత పాఠశాలకు వచ్చాను. అక్కడ నాకు ఎక్కువ ఉపకారం చేసింది గ్రంథాలయం కాదు, మధ్యాహ్నం అందరమూ కూర్చునే గది. నా తరగతిలో నిద్రపోయే పిల్లవాడు లెక్కల తరగతిలోనూ నిద్రపోతాడని అక్కడ తెలిసేది. డ్రిల్లు మాస్టరు, "వాడు తెల్లారుజామున పాల క్యాన్లు మోస్తాడు సార్" అనేవాడు. ముగ్గురి దగ్గర మూడు ముక్కలుగా ఉన్న పిల్లవాడు ఆ గదిలో ఒక్కడయ్యేవాడు. మా అక్క చక్కెర అంకె నర్సమ్మ దగ్గర ఉంది. చెప్పులు వేసుకోదన్న సంగతి ఆశాకు తెలుసు. చూపు మందగించిందని ఏ.ఎన్.ఎం.కు తెలుసు. డాక్టరు దగ్గర మందుల చీటీ ఉంది. ఆ నాలుగూ ఒకచోట చేరి ఉంటే పాదం చూడాలని ఎవరికో ఒకరికి తోచి ఉండేది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం అన్యాయం. 2008లో 104 వాహనాలు నెలకొకసారి, చెప్పిన తేదీకి, మారుమూల ఊళ్ళకు మందులతో రావడం మొదలైనప్పుడు నేను ఆశ్చర్యపోయాను. తేదీ చెప్పి ఆ తేదీకే వచ్చేది ఏదైనా ఉంటే మా ప్రాంతంలో అది పండగే. వాన కూడా చెప్పి రాదు గదా. 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టరు విధానాన్ని ప్రారంభించారు. మండలానికి రెండు ఆరోగ్య కేంద్రాలు, కేంద్రానికి ఇద్దరు డాక్టర్లు. ఒకరు కేంద్రంలో ఉంటే మరొకరు 104 వాహనంలో ఊళ్ళకు పోవాలి, ఊరికి నెలలో రెండుసార్లు. రాష్ట్రమంతటా 10,032 గ్రామ క్లినిక్కులు, 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు అన్నారు. ఆలోచన మంచిది. ఇప్పటికీ మంచిదే. ప్రభుత్వం మారినా, బోర్డుల మీద పేర్లు మారినా ఆ ఆలోచనను చెరపకూడదని నేను కోరుకుంటాను.

అయితే ఆ పేరులోనే నాకు పేచీ. ఫ్యామిలీ డాక్టరట! వైద్యమంతా డాక్టరే అన్న భ్రమ మళ్ళీ అక్కడ తలెత్తింది. పదిహేను రోజులకొకసారి, ఒక పూట, నూరు మందిని చూసిపోయే డాక్టరు ఎంత సమర్థుడైనా ఒక్కొక్కరికి ఇవ్వగలిగింది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలలో ముసలమ్మను చెప్పులు విడిచి కూర్చోమని, అరికాలు చూసి, మళ్ళీ లేపడానికే సమయం చాలదు. మిగిలిన పద్నాలుగు రోజులు ఊళ్ళో ఉండేది ఆ నర్సింగు చదివిన అమ్మాయి. ఆమెనే మధ్యస్థంగా పెట్టి పథకమంతా అల్లి ఉండవలసింది. అలా కాక ఆమెను ఒప్పంద ఉద్యోగిగా, స్థిర వేతనం కొంత, పని లెక్కను బట్టి ప్రోత్సాహకం కొంతగా ఉంచారు. 2025 ఏప్రిల్, మే నెలలలో వీరంతా సమ్మెకు దిగారు. అదే ఏడాది సెప్టెంబరు, అక్టోబరులలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లూ ఆందోళన చేశారు. వారి కోరిక ముఖ్యంగా పై చదువు సీట్లలో కోటా గురించి. ఎవరి న్యాయం వారిది. నా బాధ మరొకటి. ఒకే గదిలో పనిచేసే మనుషులు వేరువేరు నెలలలో, వేరువేరు కోరికలతో, వేరువేరు ఆఫీసుల ముందు కూర్చోవలసి వచ్చింది.

మన పొరుగునే చూడండి. తెలుగువాళ్ళు బాగా ఉన్న కృష్ణగిరి జిల్లాలో, సామనపల్లి అనే గ్రామంలో, 2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వం 'మక్కళై తేడి మరుత్తువం' అనే పథకం ప్రారంభించింది. ప్రజలను వెతుక్కుంటూ పోయే వైద్యం అని అర్థం. రక్తపోటుకు, చక్కెరకు మందులు ఇంటికే తెచ్చి ఇచ్చే మహిళా కార్యకర్తలు అందులో ఉన్నారు. నన్ను ఆకట్టుకున్నది అది కాదు. మంచానపడిన వారిని చూసే నర్సు, కాళ్ళూ చేతులూ ఆడించి నడిపించే ఫిజియోథెరపిస్టు కూడా ఇండ్లకు పోయే జట్టులో ఉన్నారు. ఫిజియోథెరపిస్టు అన్న మాట మా మండలంలో పల్లె వైద్యానికి సంబంధించి నేను ఎన్నడూ వినలేదు. పక్షవాతం వచ్చి మంచం పట్టినవారు మా వీధిలోనే ముగ్గురున్నారు. ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టి పంపారు. తరువాత నిలబెట్టవలసిన కాళ్ళ సంగతి ఎవరి ఖాతాలోనూ లేదు.

ఇంగ్లండు కథ ఒకటి చెప్పి ఈ పొరుగు ముచ్చట ముగిస్తాను. అక్కడ 2019లో కుటుంబ వైద్యుల క్లినిక్కులకు ఫార్మసిస్టులను, ఫిజియోథెరపిస్టులను, ఇటువంటివారిని చేర్చుకోవడానికి ప్రభుత్వం జీతాలు ఇస్తానన్నది. క్లినిక్కులన్నీ ముప్పై నుంచి యాభై వేల జనాభాకు ఒక కూటమిగా చేరాలి. దాదాపు మన ఆరోగ్య కేంద్రం కొలతే! మంచి పనే, జట్టు పెరిగింది. అయితే ఆ డబ్బుతో డాక్టరును మాత్రం పెట్టుకోకూడదని నియమం. ఏమైంది? రోగులు డాక్టరు దొరకడం లేదంటుంటే, మరోపక్క చదువు ముగించిన కుటుంబ వైద్యులు ఉద్యోగాలు లేవనే విచిత్రం వచ్చింది. చివరికి 2024 అక్టోబరులో కొత్త డాక్టర్లకు కూడా ఆ డబ్బు వాడవచ్చునని సవరించారు. సంచికి ముడి ఎలా వేస్తే మనిషి అలా వంగుతాడు. వాళ్ళది ఒక వైపు వంగితే మనది ఇంకో వైపు వంగింది.

'డబ్బెక్కడిది మాస్టారూ' అని అడిగేవారున్నారని తెలుసు. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో ప్రభుత్వాల వైద్య ఖర్చు 2025 నాటికి దేశాదాయంలో రెండున్నర శాతం కావాలని, అందులో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికే పోవాలని రాసుకున్నారు. 2025 వచ్చి పోయింది, ఆ రెండున్నర రాలేదు. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితిని 25 లక్షలకు పెంచారు. పెంచవద్దని ఎవరంటారు? నేనే ఆ పథకంతో బాగుపడినవాణ్ణి. కాని మా అక్క వేళ్ళు తీయడానికి రాజ్యం దగ్గర డబ్బు ఉన్నది. అవి తీయవలసిన అవసరం రాకుండా పాదాన్ని నెలకొకసారి తడిమి చూసే మనిషికి లేదు. ఒక్క ఆపరేషను ఖర్చుతో ఊళ్ళో ఉన్న చక్కెర రోగులందరికీ నైలాను పోగు తాకించవచ్చు. ఈ మాత్రం కూడిక, తీసివేత తెలుగు పండితుడికి కూడా వస్తుంది.

మరొక ఆక్షేపణ ఉంది. జనానికి సూది కావాలి, డాక్టరే కావాలి, నర్సు చెప్తే వినరు అని. నేనొప్పుకోను. మా ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర ఎప్పుడూ నలుగురు కూర్చుని ఉంటారు. అతనికి పట్టా లేదు, అడ్డగోలుగా సూదులు వేస్తాడు, అతని వైద్యాన్ని నేను సమర్థించను. కాని అతను రాత్రి పదిగంటలకు తలుపు తడితే తీస్తాడు. ఎవరి కోడలు ఎవరితో అలిగిందో అతనికి తెలుసు. జనం పోయేది అతని పట్టా చూసి కాదు, అతను ఉంటాడని. మూడవ పాదాన్ని ప్రభుత్వం ఖాళీగా వదిలితే అతను నిండుతాడు. అంతే జరిగింది.

ఆదోని రోజులు గుర్తు వచ్చినప్పుడల్లా ఒక భయం కలుగుతుంది. కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు పల్లెలనుంచి పత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు పోతాయి. సుగ్గికి పోవడమంటారు. ఇండ్లకు తాళాలు పడతాయి, ముసలివాళ్ళు అరుగుల మీద మిగులుతారు. నా బడిలో ఆ నెలలలో సగం పలకలు ఖాళీ. బీపీ మాత్రలు వేసుకునే మనిషి మూడు నెలలు చేల గుడిసెలో ఉంటే అతన్ని ఎవరు చూడాలి? ఈ ఊరి ఆశా జాబితాలో అతను 'లేడు'. ఆ ఊరి ఆశా జాబితాలో అతను ఎన్నడూ లేడు. పోయే ముందు మూడు నెలల మందు మూటకట్టి ఇచ్చి, ఆ ఊరి క్లినిక్కుకు ఒక మాట చెప్పడానికి కొత్త కనుగొనడాలేమీ అక్కర్లేదు. ఫోనులు అందరి చేతిలోనూ ఉన్నాయి. ఎవరు బయలుదేరుతున్నారో ఆశాకు ముందే తెలుసు. ఆ తెలిసినదాన్ని ఉత్తర్వుగా మార్చగల అధికారం ఆ క్లినిక్కులో ఎవరి దగ్గరా లేదు.

నాకు తోచినది చెబుతాను, తప్పయితే దిద్దండి. కొత్త పథకం, కొత్త పేరు వద్దు. ఒక ఆరోగ్య కేంద్రం పరిధిలోని వారందరి జీతాలూ, ఆశాల గౌరవ వేతనంతో సహా, ఒకే పద్దులోనుంచి రానివ్వండి. వారిని మూడేండ్లయినా కదలించకండి. నెలకొక మధ్యాహ్నం రోగులను చూడడం ఆపి, అందరూ ఒక గదిలో కూర్చోవడాన్ని ఉద్యోగంలో భాగం చేయండి. ముప్పై వేల మందికి ఒక ఫిజియోథెరపిస్టును ఇవ్వండి. కర్నూలులో 1956నుంచీ వైద్య కళాశాల ఉంది, కడపలో 2006లో వచ్చింది, నంద్యాలలో 2023లో మొదలైంది. డాక్టర్లను తయారు చేయడం మనకు చేతకానిది కాదు. వారి పక్కన నిలిచేవారిని లెక్కలోకి తీసుకోవడమే మిగిలింది.

అక్క ఇప్పుడు బాగానే ఉంది. క్లినిక్కు అమ్మాయి సాయంత్రం పని ముగిశాక ఇంటికి వచ్చి కట్టు మార్చిపోతున్నది. అది ఆమె ఉద్యోగంలో ఉన్న పనో కాదో నేను అడగలేదు. ఆమె చేస్తుంటే చూసి ఆశా కూడా నేర్చుకుంది. మొన్న ఇద్దరూ కలిసి ఎదురింటి ఆయన కాళ్ళు కూడా చూశారు. "ఈయప్పకూ ఎడమకాలు మొద్దుబారింది సార్" అని ఆ అమ్మాయి నాతో అన్నది. ఆయనకు అరవై కూడా లేవు. వచ్చే మంగళవారం 104 వాహనం వచ్చే రోజు. నేను ఒక కుర్చీ, ఒక చెంబెడు నీళ్ళు పట్టుకుని ఆయనను ముందు వరుసలో కూర్చోబెడతాను. చెప్పులు నేనే విప్పిస్తాను.